కౌంటీ ఫెయిర్‌లో మేకని చూపించాలంటే ఎవర్ని అడగాలి?

కొత్తగా_వచ్చాం:
మేం ఒహాయోలో ఉంటాం. పాప నాలుగో తరగతి. ఈ మధ్యే ఫోర్-హెచ్‌లో (పిల్లలకి పనులు నేర్పే క్లబ్బు) చేరింది, వచ్చే ఏడాది కౌంటీ ఫెయిర్‌కి, అదే మా జిల్లా జాతరలో పశువుల పోటీకి, మేకని పెంచుతానని ఒకటే పట్టు. మాకు చోటు లేదు, వాళ్ళ ఫ్రెండ్ వాళ్ళ ఫారంలో ఉంచుకోమన్నారు. మేం ఇన్నాళ్ళూ ఫెయిర్‌కి వెళ్ళింది రైడ్లు ఎక్కడానికీ ఫనెల్ కేక్ తినడానికీ. దీన్ని నడిపేది గవర్నమెంటా, ప్రైవేటా? ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఇంకోటి, చివర్లో వేలం ఉంటుందట. వేలం అయ్యాక మేక ఎక్కడికి పోతుంది? పాప దానికి పేరు కూడా పెట్టేసింది. ఇంకా కొననే లేదు!

మేకలషెడ్డు_నాన్న:
పేరు పెట్టేసిందంటే ఇక మీ చేతుల్లో ఏం లేదండీ. మా వాడు ఐదేళ్ళు చూపించాడు, నేను షెడ్డులో వాలంటీర్‌ని.

గ్రౌండు, గేట్లు, గ్రాండ్‌స్టాండ్‌లో పాత కార్లు గుద్దుకునే డెర్బీ ఇవన్నీ ఫెయిర్ బోర్డు చూసుకుంటుంది. అది గవర్నమెంటు కాదు, అగ్రికల్చరల్ సొసైటీ. సభ్యత్వం తీసుకున్నవాళ్ళు ఓట్లేసి డైరెక్టర్లని ఎన్నుకుంటారు. రైడ్లు ఊరూరా తిరిగే కంపెనీవి, కాంట్రాక్టు మీద వస్తాయి. పిల్లల ప్రాజెక్టులు మాత్రం ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు, అంటే యూనివర్సిటీ తరఫున కౌంటీలో పనిచేసే ఆఫీసు, చేతిలో ఉంటాయి. మీరు ఫోన్ చెయ్యాల్సింది అక్కడికి. అన్నట్టు, ఫోర్-హెచ్ మొదలైంది కూడా ఈ రాష్ట్రంలోనే. 1902లో క్లార్క్ కౌంటీలో గ్రాహం అనే స్కూల్ సూపరింటెండెంట్ పిల్లలతో పెట్టిన క్లబ్బే దానికి మూలం.

ఆ వారం రోజుల సందడి చూసి మోసపోకండి, అసలు కథంతా తేదీల్లో ఉంది. ముందు ఫెయిర్ బుక్కు తెప్పించుకోండి. మేక ఏ తేదీకల్లా పిల్లల పేరున ఉండాలి, చెవికి ట్యాగ్ ఎప్పుడు, తూకం ఎప్పుడు, అన్నీ అందులోనే ఉంటాయి. పశువుని సరిగ్గా పెంచడం, మందులు జాగ్రత్తగా వాడడం నేర్పే క్వాలిటీ అస్యూరెన్స్ క్లాసు ఏటా చెయ్యాలి. అమ్మకానికి పెంచే మేకకి ఏం మందు వాడారో ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. 1994లో స్టేట్ ఫెయిర్‌లో గెలిచిన పశువుల్లో మోసం బయటపడింది, ఆ తర్వాత రూల్స్ బిగించారు. ఒక ఏడాది మేం క్లాసు తేదీ మర్చిపోయాం. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. నెలల తరబడి మేపిన మేక ఇంట్లోనే ఉండిపోయింది.

రింగులో రెండు రకాల పోటీలు. ఒకదాంట్లో జడ్జి మేక నడుం మీద చెయ్యేసి కండ చూస్తాడు. షోమన్‌షిప్‌లో మేకని కాదు, పిల్లల్ని చూస్తారు. జడ్జికీ మేకకీ మధ్య అడ్డం రాకూడదు, కళ్ళు జడ్జి మీదే ఉండాలి. మా వాడు మొదటి ఏడాది జడ్జి వంకే కన్నార్పకుండా చూస్తుంటే, మేక వాడి వీపు మీద నంబరు కాగితం సగం నమిలేసింది.

వేలం సంగతి దాచొద్దండీ. ఊళ్ళో దాణా షాపువాళ్ళు, బ్యాంకులవాళ్ళు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు పిల్లల కోసమని మార్కెట్ కంటే బాగా ఎక్కువ పెడతారు. చాలాసార్లు ఆ ఎక్కువ డబ్బు మాత్రం ఇచ్చి మేకని వాళ్ళు తీసుకెళ్ళరు. అది లారీ ఎక్కుతుంది, కబేళాకే. ఈ మాట మేక కొనకముందే చెప్పాలి, వేలం రోజు కాదు. మేం ఆ రోజు చెప్పాం. వాడు షెడ్డులో మేక ఖాళీ చేసిన గదిలో గడ్డి మీద పడుకుని రానన్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను, ఇంకేం చెయ్యను?

మొదటి ఏడాది ఆడమేకని తీసుకోండి. బ్రీడింగ్ క్లాసులో, అంటే అమ్మకానికి కాక ఈనడానికి ఉంచుకునే మేకల పోటీలో, చూపించి ఇంటికి తెచ్చుకోవచ్చు.

కుందేళ్ళ_అమ్మ:
అసలు జంతువే ఎందుకు? మా పాప కుట్టుపని ప్రాజెక్టు చేసింది. జడ్జి ఎదురుగా కూర్చోబెట్టి ఈ కుట్టు ఎందుకు విప్పావని అడిగాడు. మేకకంటే అదే ఎక్కువ టెన్షన్! ఇంకో సంగతి, అందరికీ రిబ్బన్లు వస్తాయేంటి అనుకోకండి. కొన్ని పోటీల్లో ఒకరితో ఒకర్ని పోల్చరు, ప్రమాణానికి తగ్గట్టు ఉంటే అందరికీ నీలం రిబ్బను ఇస్తారు.

కొత్తగా_వచ్చాం:
రాత్రి పాపకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వచ్చి, "అయితే ఆడమేకే కొందాం" అంది. పేరు మాత్రం మార్చదట. రాజు.