ఎస్5 బ్యాకప్‌కి పాత డాస్ లాప్‌టాపే కావాలా, కొత్తదాంతో కుదరదా?

ప్యాకింగ్_లైన్: మా దగ్గర సీమెన్స్ ఎస్5-115యూ పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే కంట్రోలర్) ఒకటి ఇంకా నడుస్తోంది, ప్రోగ్రాం కాపీ ఎవరి దగ్గరా లేదు, రాసినాయన రిటైరైపోయాడు. ఇప్పుడు పవర్ సప్లై మీద బ్యాటరీ లైట్ వెలుగుతోంది. మేనేజర్ గారు కొత్త లాప్‌టాప్, యూఎస్‌బీ కేబుల్ కొనేద్దాం అంటున్నారు. మా సీనియర్ మాత్రం డాస్ (విండోస్‌కి ముందు కాలపు ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న లాప్‌టాప్ దొరికేదాకా పీఎల్‌సీ పోర్టు జోలికి పోవద్దంటున్నాడు. వచ్చే షట్‌డౌన్‌లో బ్యాకప్ తీద్దామనుకుంటున్నాం, ఎవరి మాట వినాలి?

పాతకాపు_పీజీ: మీ సీనియర్ చెప్పిందే కరెక్టు. స్టెప్ 5 (ఎస్5 ప్రోగ్రాంలు రాసే, చదివే సీమెన్స్ సాఫ్ట్‌వేర్) డాస్ మీద నడిచేది, సీరియల్ చిప్‌తో నేరుగా మాట్లాడుతుంది, మధ్యలో యూఎస్‌బీ డ్రైవర్ ఉందని దానికి తెలీదు. పైగా ఆ 15 పిన్నుల పోర్టు మామూలు ఆర్ఎస్-232 (వోల్టేజీతో సంకేతాలు పంపే సీరియల్ పోర్టు) కాదు, 20 మిల్లీయాంపుల కరెంట్ లూప్, అంటే సంకేతాలు కరెంటు రూపంలో పోతాయి. చవక కన్వర్టర్ పెడితే ప్రోగ్రాం బ్లాకులు చదువుతూ చదువుతూ సగంలో ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. 64 బిట్ విండోస్‌లో ఆ 16 బిట్ ప్రోగ్రాంలు అసలు ఓపెనే కావు. నిజమైన కామ్ పోర్టు (సీరియల్ పోర్టు) ఉన్న పాత లాప్‌టాప్ ఒకటి బీరువాలో పెట్టుకోండి, అంతే.

ఆటోమేషన్_సురేఖ: అన్నా, ఆ బీరువాలో లాప్‌టాప్ ఎన్నాళ్ళు బతుకుతుంది? హార్డ్ డిస్క్ పోయినా, ఫ్లాపీలో ఉన్న లైసెన్స్ చెడినా మీ బ్యాకప్ ప్లాన్ మొత్తం పోయినట్టే. నేను విండోస్ ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌లో (లాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టుకున్నాను, ఆ ఫైల్ కాపీ నాలుగు చోట్ల ఉంటుంది, ఒక లాప్‌టాప్ పోతే ఇంకోదాంట్లో ఓపెన్ చేస్తా. కేబుల్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు, కరెంట్ లూప్ సర్క్యూట్ లోపలే ఉన్న ఐసొలేటెడ్ (రెండు వైపుల విద్యుత్ కలవకుండా విడదీసే) ఎస్5 కేబుల్ కొనండి. యూఎస్‌బీ సీరియల్ అయితే ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది తీసుకోండి, డ్రైవర్ సెట్టింగుల్లో లేటెన్సీ టైమర్ (వచ్చిన డేటాని లాప్‌టాప్‌కి అందించేముందు ఆగే టైం) మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది, దాన్ని 1కి దించితే సగంలో ఆగిపోయే గోల చాలావరకు తగ్గుతుంది. పోర్టు సెట్టింగుల్లో స్పీడు 9600, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) ఈవెన్. ఇంకా డాసే ఎందుకు, జర్మనీ ఐబీహెచ్‌సాఫ్టెక్ వాళ్ళ ఎస్5 ఫర్ విండోస్ ఉందిగా.

పాతకాపు_పీజీ: అది కొనడానికి మన ప్లాంటుల్లో పర్చేజ్ వాళ్ళు ఒప్పుకోవాలి కదమ్మా. ఆరు నెలలు ఫైల్ తిరుగుతుంది.

రాక్‌వెల్_వైపు: అన్ని పాత పీఎల్‌సీలకీ ఒకటే రూలు పెట్టకండి. మా దగ్గర రాక్‌వెల్ పీఎల్‌సీలు ఎస్ఎల్‌సీ 5/03, 5/04 ఉన్నాయి, వాటికి ఆర్ఎస్-232 పోర్టు ఉంది, మామూలు యూఎస్‌బీ కన్వర్టర్‌తో డీఎఫ్1 (రాక్‌వెల్ సీరియల్ ప్రోటోకాల్) మీద హాయిగా అప్‌లోడ్ అవుతుంది. అదే 5/01, 5/02 అయితే డీహెచ్-485 అనే రాక్‌వెల్ నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే, దానికి లాప్‌టాప్‌ని కలిపే పాత 1747-పీఐసీ కన్వర్టర్ బాక్స్ కొత్త లాప్‌టాప్‌తో పనిచేయట్లేదని కొట్టుకునే బదులు యూఎస్‌బీతో వచ్చే 1747-యూఐసీ వాడుకుంటే గొడవుండదు. ముందు ఏ పోర్టు ఉందో చూసి తర్వాత లాప్‌టాప్ గురించి మాట్లాడాలి.

కమిషనింగ్_వెంకట్: ఇంతమంది లాప్‌టాప్ గురించి వాదించుకుంటున్నారు, ఆ బ్యాటరీ లైట్ మాట ఒక్కరూ ఎత్తలేదే! ప్రోగ్రాం ర్యామ్‌లో ఉంటే దాన్ని పట్టుకుని ఉన్నది ఆ లిథియం బ్యాటరీయే. షట్‌డౌన్‌లో పవర్ తీశారనుకోండి, బ్యాటరీ చచ్చి ఉంటే ప్రోగ్రాం మొత్తం ఎగిరిపోతుంది, తర్వాత డాస్ తెచ్చినా ఎక్స్‌పీ తెచ్చినా చదవడానికి లోపల ఏమీ ఉండదు. మెమరీ మాడ్యూల్ (బ్యాటరీ లేకున్నా ప్రోగ్రాం నిలిపి ఉంచే చిప్) పెట్టి ఉంటే కొంత నయం, కానీ అందులో ఉన్నది ఏ కాలం వెర్షనో, ఆ తర్వాత ఎవరెవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు. అందుకే నా ఉద్దేశంలో ఏది ముందు దొరికితే దాంతో, లైన్ నడుస్తుండగానే తీయాలి. చదవడానికి పీఎల్‌సీని స్టాప్ చేయక్కర్లేదు. ప్రమాదమల్లా దిశ తప్పుగా ఎంచుకుని ఖాళీ ఫైల్‌ని పీఎల్‌సీలోకి పంపడంలోనే ఉంది, అందుకే పక్కన ఇంకో మనిషి నిలబడి స్క్రీన్ చూడాలి.

తీసింది తీసినట్టు పెన్ డ్రైవ్‌లో వేసి అయిపోయిందనుకోవద్దు. కంపేర్ ఆప్షన్‌తో ప్రతి బ్లాకూ పీఎల్‌సీతో సరిచూడండి, డేటా బ్లాకులు కూడా తీయండి, ఆపరేటర్లు ఏళ్ళ తరబడి మార్చుకుంటూ వచ్చిన సెట్టింగులు అక్కడే ఉంటాయి (అవి మాత్రం లైన్ నడుస్తుంటే మారుతుంటాయి కాబట్టి తేడా చూపిస్తే కంగారుపడొద్దు). కామెంట్లు, సింబల్ పేర్లు పీఎల్‌సీలో ఉండవు, కాబట్టి రిటైరైన ఆయన్ని వెతికి పట్టుకుని పాత ఫ్లాపీలు, ప్రింటవుట్లు ఏమున్నా అడగండి. అవి లేకపోతే మీ చేతికొచ్చేది వట్టి అడ్రసుల లిస్టు, మెషీన్ మళ్ళీ నడుస్తుంది గానీ రేపు లాజిక్ మార్చాలంటే ఎవరికీ అర్థం కాదు.

ఆటోమేషన్_సురేఖ: ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. ఇంకోటి, కేబుల్ పెట్టేటప్పుడు లాప్‌టాప్ చార్జర్ తీసేయండి, ఎర్త్ తేడాలకి పోర్టు కాలిపోవడం కళ్ళారా చూశాను.

ప్యాకింగ్_లైన్: అయితే బ్యాటరీ ముందు మార్చేయమంటారా, బ్యాకప్ తీశాక మార్చమంటారా?

కమిషనింగ్_వెంకట్: కేబుల్ ఈరోజే దొరికితే బ్యాకప్ ముందు. దొరక్కపోతే ఆగొద్దు, సరైన మోడల్ బ్యాటరీ తెప్పించి పవర్ ఆన్‌లో ఉండగానే మార్చండి, కరెంట్ ఉన్నంతసేపూ ర్యామ్‌కి ఢోకా లేదు. ఈలోపు ఆ ప్యానెల్ ఎంసీబీ మీద ‘ఆఫ్ చేయరాదు’ అని బోర్డు తగిలించి, షట్‌డౌన్ లిస్టులోంచి ఆ ప్యానెల్ తీయించండి.