జర్మనీలో 4వ క్లాస్ తర్వాత గిమ్నాజియమా, రియాల్‌షూలేనా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే అండి. మేము మ్యూనిక్ దగ్గర ఉంటాం, మా పాప గ్రుండ్‌షూలేలో (ప్రైమరీ స్కూల్) 4వ క్లాస్. ఇక్కడ బవేరియా రాష్ట్రంలో 4వ క్లాస్ అవ్వగానే పిల్లల్ని గిమ్నాజియం (నేరుగా యూనివర్సిటీకి తీసుకెళ్ళే స్కూల్), రియాల్‌షూలే (10 వరకు ఉండే మధ్యస్థాయి స్కూల్), మిట్టెల్‌షూలే (ఎక్కువగా వృత్తి శిక్షణ వైపు వెళ్ళే స్కూల్) అని విడదీసేస్తారు కదా, మే మొదట్లో ఇచ్చే సర్టిఫికెట్‌లో జర్మన్, మ్యాథ్స్, పరిసరాల సబ్జెక్ట్ మూడూ కలిపి యావరేజ్ 2.33 వరకు ఉంటేనే నేరుగా గిమ్నాజియం, 2.66 వరకైతే రియాల్‌షూలే (ఇక్కడ 1 అంటే బెస్ట్ గ్రేడ్). మా పాపకి మ్యాథ్స్ చాలా బాగా వస్తుంది కానీ కిండర్‌గార్టెన్‌లో ఒక్క సంవత్సరమే ఉంది, జర్మన్ రాయడంలో వెనకపడుతోంది, యావరేజ్ 2.66 దగ్గర ఆగేలా ఉంది. పదేళ్ళ పిల్లకి ఇప్పుడే దారి తేల్చేయడం నాకు అస్సలు నచ్చట్లేదు, బెర్లిన్‌లో అయితే 6వ క్లాస్ వరకు దాదాపు అందరూ కలిసే చదువుతారు.

ప్రోబెఉంటర్‌రిష్ట్ అని మూడు రోజుల పరీక్ష లాంటిది రాయించి గిమ్నాజియంకి ట్రై చేయాలా, లేక రియాల్‌షూలేలో వేసి 10 తర్వాత ఎఫ్‌ఓఎస్‌కి (11వ క్లాస్ నుంచి ఉండే పై స్కూల్) పంపాలా? ఎఫ్‌ఓఎస్‌లో 12 వరకే చదివితే ఫాఖ్‌హోక్‌షూలేకి (ప్రాక్టికల్ చదువు ఎక్కువ ఉండే డిగ్రీ కాలేజీ) వెళ్ళొచ్చు, 13 కూడా చేసి రెండో ఫారిన్ లాంగ్వేజ్ ఉంటే ఏ యూనివర్సిటీకైనా వెళ్ళొచ్చు అని అర్థమైంది. ఆ దారిలో మీ పిల్లలెవరైనా వెళ్ళారా అండి? మధ్యలో రియాల్‌షూలే నుంచి గిమ్నాజియంకి మారిన తెలుగు పిల్లలు ఉంటే ఏ క్లాస్‌లో మారారు, రెండో లాంగ్వేజ్ ఎలా మేనేజ్ చేశారో కూడా చెప్పండి