గోల్ఫ్ హ్యాండిక్యాప్‌లో హోమ్, అవే, కాంపిటీషన్ స్కోర్లకు తేడా ఉంటుందా?

నమస్కారమండీ. మాది తిరుపతి. గోల్ఫ్ మెంబర్‌షిప్ చెన్నైలో ఉంది, పుత్తూరు మీదుగా కారులో వెళ్లొస్తుంటాను. బెంగళూరు వెళ్తే అక్కడా ఆడతాను. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె) కోసం స్కోరు ఎక్కించేటప్పుడు హోమా, అవేనా, కాంపిటీషనా అని యాప్ అడుగుతుంది.

2020 నుంచి వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో చివరి 20 స్కోర్ల నుంచి మెరుగైన 8 డిఫరెన్షియల్స్ (కోర్సు కష్టాన్ని బట్టి సవరించిన స్కోర్లు) సగటు తీస్తారు కదా. కోర్సు కష్టాన్ని కోర్స్ రేటింగ్, స్లోప్ రేటింగ్ చూసుకుంటాయి. మరి ఈ రకాలు దేనికి? ఒకే కోర్సులో ఆదివారం కబుర్లు చెప్పుకుంటూ కొట్టిన 94కీ, టోర్నమెంట్‌లో మార్కర్ పక్కనే నిలబడి ఒక్కో స్ట్రోకూ రాస్తుంటే చెమటలు పట్టి కొట్టిన 94కీ ఒకటే విలువా? కాంపిటీషన్ స్కోరుకే లెక్కలో బరువెక్కువని మా బావమరిది వాదన. నాకైతే నమ్మకం లేదు.

9 హోల్సే ఆడితే ఎలా ఎక్కించాలి? క్లబ్ హ్యాండిక్యాప్ కమిటీలో ఉన్నవాళ్లెవరైనా కాస్త చెప్పండి.