అపార్ట్‌మెంట్‌లో ఐదిళ్లవాళ్లం కలిసి అరిసెలు వండాలి: ఐదు కిలోల బియ్యానికి లెక్క చెప్పండి

నిజాంపేట_బి_బ్లాక్:
ఈ సంక్రాంతికి మా అంతస్తులో ఐదిళ్లవాళ్లం కలిసి ఒకే రోజు అరిసెలు వండాలనుకుంటున్నాం. మొత్తం ఐదు కిలోల బియ్యం. ఎదురెదురు ఫ్లాట్లలో రెండు గ్యాస్ పొయ్యిలు, ఒక మందపాటి ఇత్తడి గిన్నె, రెండు బూరెల మూకుళ్లు, ఒక జత అరిసెల చెక్కలు ఉన్నాయి. చేతులు చాలానే ఉన్నాయి, పాకం చూడగలిగినవాళ్లు మాత్రం ఒక్కరే.

సందేహాలు ఇవి. ఎవరింట్లో వాళ్లు కిలో చొప్పున బియ్యం నానబెట్టి తేవచ్చా? కిలోకి బెల్లం ముప్పావు కిలో అని ఒకరు, అరకిలో చాలని ఇంకొకరు అంటున్నారు, ఏది సరి? పాకం ఐదు కిలోలకీ ఒకేసారి పట్టేయొచ్చా? మా వీధిలో మరవాళ్లు తడి బియ్యం ఆడబోమంటున్నారు, మిక్సీలో అవుతుందా?

పాకంపట్టు:
ముందు మీ మూడో ప్రశ్న, ఎందుకంటే కలిసి వండుకునేచోట పని చెడేది అక్కడే. ఐదు కిలోలకీ ఒకేసారి పాకం వద్దండి. వంటవాళ్లు పట్టగలరంటే వాళ్లకు పెద్ద తెడ్డు, కట్టెల పొయ్యి, కలిపే బలం ఉంటాయి. ఇంటి పొయ్యి మీద మూడున్నర కిలోల బెల్లం మరిగిస్తే అడుగున ముదురుతుంది, పైన లేతగానే ఉంటుంది. పైగా చలిమిడి అంతా ఒకేసారి తయారైతే చివరి రెండు కిలోలు వత్తే వేళకి చల్లారి గట్టిపడి అంచులు పగులుతాయి. కిలో బియ్యానికి ఒక వాయి చొప్పున ఐదుసార్లు పట్టండి. ఒక వాయి చలిమిడి సగం వత్తేసరికి రెండోదానికి బెల్లం పొయ్యెక్కిస్తే సరిపోతుంది.

ఎవరింట్లో వాళ్లు నానబెట్టడం కూడా వద్దు. ఒకరు సోనా మసూరి తెస్తారు, ఇంకొకరు రేషన్ బియ్యం తెస్తారు. ఒకరు పన్నెండు గంటలు నానబెడతారు, ఇంకొకరు ఇరవై నాలుగు. అవన్నీ కలిపితే పిండిలో తడి ఒక్క తీరుగా ఉండదు, పాకం ఎంత బాగా కుదిరినా లాభం లేదు. ఒకే రకం పాత బియ్యం కొని ఒకే ఇంట్లో నానబెట్టండి. కొత్త బియ్యానికి జిగురెక్కువ, అరిసె సాగుతుంది. బాస్మతి, ఉప్పుడు బియ్యం పనికిరావు.

నానడం కనీసం ఒక పగలూ ఒక రాత్రీ. నీళ్లు మూడుసార్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన పిండిలో నిలిచిపోతుంది. గింజని రెండు వేళ్ల మధ్య నలిపితే పిండిపిండిగా రాలాలి. చిల్లుల బుట్టలో అరగంట వాడ్చండి, అంతే. గుడ్డ మీద పరిచి ఫ్యాను వేసి ఆరబెట్టేవాళ్లున్నారు, అరిసెలు సగం అక్కడే పాడవుతాయి. పొడిపిండి పాకాన్ని పీల్చేసుకుని చలిమిడిని బిరుసు చేస్తుంది. పిండిలో తడి ఉంటేనే పాకం వేడికి కొంచెం ఉడికి అరిసె మెత్తగా వస్తుంది. కొట్లో దొరికే బియ్యప్పిండితో కుదరకపోవడానికి కారణం అదే. ఆడిన పిండిని పిడికిట్లో పడితే ముద్ద కట్టాలి, ఆ ముద్దని వేలితో నొక్కితే విడిపోవాలి. దాన్ని గిన్నెలో అదిమి, పైన తడిగుడ్డ కప్పి ఉంచండి. తెరిచి పెడితే గంటలో పైపొర ఆరిపోతుంది.

ఇక బెల్లం. కిలో బియ్యానికి 700 గ్రాములు నా లెక్క. ముప్పావు కిలో వేసినా తప్పులేదు, తీపి ఎక్కువ, మెత్తదనం ఎక్కువ, కాకపోతే మూకుట్లో విచ్చిపోయే భయమూ ఎక్కువే. అరకిలో అయితే రెండో రోజుకే గట్టిపడతాయి. అసలు చూసుకోవాల్సింది రకం. కొట్లో 'పాకం బెల్లం' అని అడిగి తీసుకోండి. ఉప్పదనం ఉన్న బెల్లం ఎంత మరిగించినా ఉండ కట్టదు. ముక్క నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది. పచ్చగా మెరిసే బెల్లం కంటే కొంచెం ముదురు రంగుదే నయం.

700 గ్రాముల బెల్లం తరిగి 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కరిగించి వడకట్టండి. ఇసుక, చెరకు పీచు తప్పకుండా ఉంటాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టి మధ్యస్థపు సెగన మరిగించండి. నురగ మొదట పెద్ద బుడగలుగా వస్తుంది, తర్వాత చిన్నబడి చిక్కగా కదులుతుంది. అప్పటినుంచి అర నిమిషానికోసారి పళ్లెంలో చల్లటి నీళ్లు పోసుకుని చుక్క వేసి చూడండి. చుక్క కరిగిపోతే ఇంకా లేదు. వేలితో కూడదీస్తే దగ్గరికొచ్చి మళ్లీ పరుచుకుంటే ఇంకొక్క నిమిషం. ఉండ చేసి ఎత్తితే జారకుండా నిలబడి, నొక్కితే మెత్తగా అణగాలి. అదీ అరిసెల పాకం. పళ్లేనికి కొడితే టక్కుమని మోగితే దాటిపోయింది, అది వేరుశనగ ఉండలకి. చుక్క చూసే ప్రతిసారీ సెగ తగ్గించండి. మీరు పళ్లెంలో తడుముకునేలోపు గిన్నెలో ముదిరిపోతుంది.

పొయ్యి కట్టేసి 75 గ్రాముల నెయ్యి, ఎనిమిది పది యాలకుల పొడి, 100 గ్రాముల వేయించిన నువ్వుల్లో సగం వేయండి. మిగతా సగం వత్తేటప్పుడు పైన అద్దడానికి. వెంటనే పిండి. ఇక్కడ ఇద్దరు కావాలి: ఒకరు గుప్పెడు గుప్పెడు జల్లుతుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. పిండంతా పోసేయొద్దు, పదో వంతు పక్కన ఉంచుకోండి. కొంచెం జారుగా ఉన్నప్పుడే ఆపాలి, చల్లారుతున్నకొద్దీ అదే బిగుస్తుంది. పైన చెంచాడు నెయ్యి రాసి మూత పెట్టేయండి.

గిర్నీగుండా:
మిక్సీలో అవుతుంది, కాకపోతే ఓపిక కావాలి. జారులో మూడో వంతు మించి బియ్యం వేయొద్దు. నింపితే అడుగున ముద్దగా చిక్కుకుని పైన గింజ గింజలా తిరుగుతుంటుంది. ఆపి ఆపి తిప్పి, సన్న జల్లెడ పట్టి, మిగిలిన రవ్వని తర్వాతి వాయిలో కలపండి. ఆఖరున మిగిలే గుప్పెడు రవ్వ ఉప్మాలోకి పనికొస్తుంది, అరిసెల్లో మాత్రం వేయొద్దు. రవ్వ పడ్డచోట అరిసె చిట్లుతుంది. ఐదు కిలోలకి ఒకే మిక్సీ అయితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. రెండు మూడిళ్ల మిక్సీలు మార్చి మార్చి వాడండి.

అంతకంటే, పండక్కి వారం ముందు తిరిగి చూడండి. సంక్రాంతి రోజుల్లో చాలా గిర్నీల్లో ఒక మర తడిపిండికే వదులుతారు. వెళ్లగానే అంతకుముందు ఏం ఆడారో అడగండి. మిరపకాయలో జొన్నలో ఆడిన మరలో మీ మొదటి అరకిలో పోయినట్టే. మరలో పిండి వేడిగా వస్తుంది, మూటకట్టి అలాగే ఉంచితే లోపల చెమటపట్టి ఉండలు కడుతుంది. వేడి తగ్గేదాకా ఒకసారి కలియబెట్టి, ఆ తర్వాతే అదిమి కప్పండి.

వరంగల్_వంటిల్లు:
అరిసెలు ఒక్కటే అంటున్నరు. మా దిక్కు సంక్రాంతికి సకినాలు లేకుంటే పండుగే కాదు. అంత మంది చేతులు ఉన్నయంటున్నరు కద, ఒక కిలో బియ్యం సకినాలకు పెట్టుకోండ్రి. పాకం దగ్గర ఇద్దరికే పని, మిగిలినోళ్లు కూర్చొని సకినాలు చుట్టొచ్చు.

కిలో బియ్యం ఐదారు గంటలు నానితే చాలు. తడిపిండే. పావుకిలో తెల్లనువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు. నీళ్లు కొంచెం కొంచెం పోసుకుంట కలపాలె, వేళ్ల నడుమ నుంచి తీగలెక్క జారాలె. పాత నూలు చీర పరిచి దాని మీద మూడు నాలుగు చుట్లు తిప్పాలె. తడిని గుడ్డ పీల్చుకునేదాక అరగంట ఇడిస్తే అట్లకాడతోని లేస్తయి. ముందుగాల లేపితే ఇరుగుతయి. మరీ ఎండినా పగుల్తయి. నూనెల ఎర్రగ కానీయొద్దు, తెల్లగుండంగనే తియ్యాలె.

ఒక్క మాట గుర్తు పెట్టుకోండ్రి. ముందు సకినాలు, తర్వాత అరిసెలు. అరిసెలు కాల్చిన నూనెల బెల్లం మడ్డి దిగుతది, దాంట్ల సకినాలేస్తే నల్లగైతయి.

ఫ్రిస్కో_తెలుగు:
పాకం చూడగలిగేది ఒక్కరే అంటున్నారు కాబట్టి చెబుతున్నా. మిఠాయి థర్మామీటరు ఉంటే మిగతావాళ్లు కూడా పట్టొచ్చు. మెత్తటి ఉండ పాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది. 118 దాటితే గట్టి ఉండ వైపు పోతుంది. మొదట దాన్ని మరిగే నీళ్లలో ముంచి చూడండి. సముద్రమట్టానికి ఐదువందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, అంచేత పాకం గుర్తుని కూడా రెండు డిగ్రీలు తగ్గించుకోవాలి. కొన గిన్నె అడుక్కి తగలకూడదు. అయినా పళ్లెంలో చుక్క వేసి చూడటం మానకండి, బెల్లం పంచదారంత శుద్ధమైంది కాదు. అంకె దగ్గరపడిందని చెప్పడానికే థర్మామీటరు, ఆపమని చెప్పేది చుక్కే.

ఇది చదివే అమెరికావాళ్లకి: కాయిల్ పొయ్యి మీద సెగ తగ్గిస్తే వెంటనే తగ్గదు. పాకం కుదరగానే గిన్నెనే దించేయాలి.

నిజాంపేట_బి_బ్లాక్:
అందరికీ ధన్యవాదాలండీ. సకినాలు కూడా ఖాయం. పాకంపట్టు గారూ, కాల్చడం గురించి కూడా చెప్పండి. పాకం కాస్త అటూఇటూ అయితే ఆ చలిమిడి పారేయాల్సిందేనా? అన్నీ ఒక్కరోజులో కాకపోతే మిగిలిన చలిమిడి మర్నాటికి ఉంచొచ్చా?

పాకంపట్టు:
పారేయక్కర్లేదు. ఏ వాయికైనా ముందు ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో అంచులు విచ్చి చిల్లులు పడి పొడిపొడిగా రాలితే పాకం లేత, లేదా పిండి తక్కువ. పక్కన ఉంచమన్న తడిపిండి ఇప్పుడు రెండు మూడు చెంచాలు కలిపి, గంట కప్పి ఉంచి మళ్లీ ఒకటి వేయండి. తడిపిండి అయిపోతే చెంచాడు గోధుమపిండి కలిపి గట్టెక్కేవాళ్లున్నారు, రుచి ఒక పిసరు మారుతుంది. వత్తేటప్పుడే అంచులు పగులుతుంటే చలిమిడి చల్లారి ఉండాలి, లేదా పాకం ముదిరి ఉండాలి. మొదటిదైతే గిన్నెని వేడినీళ్ల గిన్నెలో పెట్టి మెత్తబడ్డాక నెయ్యి చేత్తో మర్దించండి. రెండోదైతే వేడి పాలు ఒక్కో చెంచా చిలకరిస్తూ మర్దించాలి, ఒక్కసారిగా పోస్తే జారిపోతుంది. మరీ రాయిలా బిగిసిపోయిన వాయిని మాత్రం అరిసెలు చేయాలని పట్టుబట్టకండి. నెయ్యి, కొబ్బరి ముక్కలు కలిపి చలిమిడిగానే తినేయండి.

మర్నాటికి ఉంచొచ్చు. ఆరకుండా గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, తెల్లారి వేడినీళ్ల గిన్నెతో మెత్తబరుచుకోండి. లేత పాకం వాయిలు ఉంచకుండా ఆ రోజే కాల్చేయండి, అవి పులుస్తాయి.

కాల్చే సంగతి. నిమ్మకాయకి కాస్త పెద్ద ఉండ తీసుకుని అరిటాకు మీదో మందపాటి కవరు మీదో చేతి వేళ్లతో వత్తండి. మధ్యలో పలచబడకూడదు, అంచులు మందంగా మిగలకూడదు. చేతికి నెయ్యి రాసుకోండి, నీళ్లొద్దు, నూనెలో చిటపటలాడి చేతులు కాలేది ఆ నీళ్ల వల్లే. సెగ మధ్యస్థంగా ఉంచండి. నూనె పొగలు కక్కుతుంటే బెల్లం క్షణంలో మాడి పైన ఎరుపు, లోపల పచ్చి. నూనె కాగకముందే వేస్తే తాగేస్తుంది. వేసిన అరిసె అడుక్కి వెళ్లి నాలుగైదు క్షణాల్లో తేలి కాస్త పొంగితే పాకమూ నూనే రెండూ కుదిరినట్టే. పైకి తేలేదాకా కదపొద్దు. తిప్పి, రంగు మీకు కావాల్సినదానికంటే ఒక మెట్టు తక్కువ ఉండగానే తీసేయండి, బయటికొచ్చాక ముదురుతుంది. వేడి మీదే చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. చల్లారాక నొక్కితే విరుగుతుంది, నూనె రాదు.

కిలో బియ్యానికి నలభై దాకా వస్తాయి, మీకు రెండొందలు. చెక్కలు ఒక్క జతే అన్నారు, రెండు ఫ్లాట్లలో రెండు మూకుళ్లు పెడితే రెండో చోట రెండు చదునైన చిల్లుల గరిటెలతో నొక్కండి. ఒక్కో మూకుడు దగ్గర వత్తే వాళ్లిద్దరు, కాల్చేవాళ్లొకరు, నొక్కేవాళ్లొకరు. వత్తే వాళ్లు ముందుకు పోయి పదిహేను అరిసెలు వత్తి పెట్టేస్తే ఆకుకి అంటుకుపోతాయి. మూకుట్లోది తిరగేశాకే తర్వాతిది వత్తడం మొదలుపెట్టాలి. పొయ్యిని మించి బయటికొచ్చే వెడల్పు మూకుడు వద్దు, సెగ కిందికి కొట్టి నాబ్‌లు, పైపు వేడెక్కుతాయి. నూనె ఎప్పుడూ మూకుడు సగానికి మించకూడదు. సరిపోయే మూత పక్కనే ఉంచుకోండి, మంట అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత వేయడమే, నీళ్లు పోయకూడదు. పిల్లల్ని సకినాల చీర దగ్గర కూర్చోబెట్టండి.

నొక్కినవాటిని కాగితాల మీద విడివిడిగా పరచండి. వేడిమీద దొంతర పెడితే ఒకదానికొకటి అతుక్కుంటాయి, డబ్బాలో పెడితే చెమటపట్టి నాలుగో రోజుకే బూజొస్తుంది. పూర్తిగా చల్లారాక పొడి స్టీలు డబ్బాలో పెట్టి తడిచేయి తగలకుండా చూసుకుంటే రెండు మూడు వారాలు నిలవుంటాయి. ఫ్రిజ్ వద్దు, గట్టిపడతాయి. మూకుళ్లలో మిగిలిన నూనె చల్లారాక సీసాలో పోసి చెత్తబండికివ్వండి. సింకులో పోస్తే అది పైపులో పేరుకుని మీ కింది ఫ్లాటువాళ్లతో తగువు తెస్తుంది.

వరంగల్_వంటిల్లు:
పంచుకునేటప్పుడు లెక్కతోని కాదు, తూకంతోని పంచుకోండ్రి. ఐదుగురు వత్తితే ఐదు సైజులుంటయి.