కాలేయ మార్పిడిలో హెపాటిక్ ఆర్టరీ (కాలేయానికి రక్తం తెచ్చే ధమని) కుట్టడానికి మైక్రోస్కోప్ తప్పనిసరా?

సూదీదారం: బతికున్న దాత నుంచి తీసిన కాలేయ భాగంలో ఆర్టరీ 2-3 మిల్లీమీటర్లే. లూప్స్ (కళ్లద్దాలకు బిగించుకునే భూతద్దాలు) చాలని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. జపాన్‌లో క్యోటో సర్జన్లు 1990ల మొదట్లోనే మైక్రోస్కోప్ పట్టుకున్నారు. ఇంకా చర్చేమిటి?

లూప్స్‌మామ: ఆ ఒకరు నేనే. పదేళ్లుగా లూప్స్‌తోనే కుడుతున్నా. ఊపిరితో పాటు కాలేయం పైకీ కిందికీ ఊగుతుంది. పది రెట్లు పెద్దగా చూస్తుంటే, ఊపిరి పీల్చినప్పుడల్లా దారం ఫోకస్‌లోంచి జారిపోతుంది. ఇది ఎప్పుడైనా చేసి చూశారా?

సూదీదారం: వేలసార్లు.

గూటిపక్షి: చేతిని బట్టి ఉంటుందండీ. ఇద్దరూ శాంతించండి.

నాన్నకూచి: మా నాన్నకు మార్పిడయ్యాక ఐదో రోజు డాప్లర్‌లో (రక్తప్రవాహం చూసే స్కాన్) ఆర్టరీలో రక్తం కనపడలేదు. మళ్లీ పొట్ట తెరిచారు. కాలేయం నిలిచింది కానీ పిత్తనాళాలు మూసుకుపోయి ఏడాదంతా స్టెంట్లే. లూప్స్‌తోనే కుట్టారట.

లూప్స్‌మామ: బాధగా ఉందమ్మా. మార్పిడి తర్వాత పిత్తనాళాలకు ఆ ఆర్టరీయే దిక్కు, అందుకే అలా అయింది. కానీ తప్పు లూప్స్‌దేనని ఎలా అంటారు? ముందు క్యాన్సర్‌కి ఆర్టరీలోంచి కీమో ఇచ్చారా?

నాన్నకూచి: మూడుసార్లు.

లూప్స్‌మామ: చూశారా! దాంతో ఆర్టరీ లోపలి పొర విడిపోతుంది.

సూదీదారం: విడిపోయిందని కనపడాలిగా! అందుకే మైక్రోస్కోప్ అంటున్నా. కనపడితే బాగున్న చోటు దాకా కోసుకుంటూ వెళ్తాం, లేదా జీర్ణాశయం పక్క ఆర్టరీని తిప్పి తెస్తాం. సూది లోపలి నుంచి బయటికే, లేకపోతే పొర ఇంకా ఊడుతుంది. కనపడకుండా కుట్టేసి, తర్వాత కీమో మీదకు నెట్టేస్తారా?

లూప్స్‌మామ: మీరు మైక్రోస్కోప్‌తో సన్న నాళాలు కుట్టే ప్లాస్టిక్ సర్జన్ కదూ? రెండింటికి వచ్చి, నాలుగింటికి వెళ్లిపోతారు. ఐదో రోజు డాప్లర్ ముందు నిలబడేది మేము.

సూదీదారం: ఇప్పుడొచ్చారు అసలు సంగతికి. ఆ రెండు గంటలకి ఆపరేషన్ నోట్స్‌లో నా పేరు ఉండదు. ఆర్టరీలో రక్తం గడ్డ కడితే మాత్రం "ఆర్టరీ మీరే కుట్టారుగా" అని ఫోన్. మైక్రోస్కోప్ వద్దనడం దేనికంటే, అది లోపలికొస్తే నేనూ వస్తాను.

లూప్స్‌మామ: రండి. కానీ వారం ఉండండి.

రాత్రిడ్యూటీ: టెన్షన్ ఎక్కువైంది, టీ తాగి రండి ఇద్దరూ.

నాన్నకూచి: ఒక్కటి అడగొచ్చా? ఐదో రోజు మళ్లీ కుట్టింది మొదట కుట్టినవారేనా? మాకిచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు.

సూదీదారం: ఉండదమ్మా.