పని పంచుకోవడం నేర్పడానికి బైబిల్లో ఏ వాక్యభాగం పనికొచ్చింది?

అందరికీ వందనాలు. బెంగళూరు మారతహళ్లి దగ్గర మా తెలుగు సంఘంలో వాలంటీర్లకు బైబిలు తరగతి నేనే తీసుకుంటాను. ఆదివారం ఆరాధన తర్వాత నిర్మాణ కూలీల పిల్లలకు భోజనం పెట్టి, గంటసేపు చదువు చెబుతాం. బియ్యం ఇచ్చే దాత ఊరు మారారు. కానుకలు హాలు అద్దెకే సరిపోతున్నాయి. పనంతా ముగ్గురి మీదే పడుతోంది.

ముందు నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చెప్పాను. యూదా దేశానికి అధికారిగా ఉన్న నెహెమ్యా తనకు రావలసిన భోజన భత్యాన్ని 12 ఏళ్లు తీసుకోలేదు కదా. అది విని, అప్పటికే అలసిపోయిన ఒక అక్క తన జీతంలోంచి గుడ్లు కొనడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు కదల్లేదు. నాకు చాలా బాధనిపించింది.

తర్వాత అపొస్తలుల కార్యములు 6. విధవరాండ్ర భోజనం దగ్గర సణుగు పుడితే, ఆ పనికి ఏడుగురిని ఏర్పరచుకోమని అపొస్తలులు శిష్యులతో అన్నారు. అలాగే వాట్సాప్‌లో వంతులు వేశాను. అందరూ సరేనంటారు, ఉదయం ఏడింటికి ఉల్లిపాయలు తరగడానికి మాత్రం మళ్లీ ఆ ముగ్గురే. చాలామందికి ఆదివారం కూడా షిఫ్టులుంటాయి, తప్పుపట్టలేను.

నిర్గమకాండము 18లో, భారమంతా ఒక్కడివే మోయక నాయకులను పెట్టి పని పంచమని మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా చెబుదామంటే, అక్కడున్నది మహా జనసమూహం, మేం పాతికమందిమి. ఇంత చిన్న సంఘంలో పని నిజంగా పంచుకునేలా చేసిన వాక్యభాగం ఏది, దాన్ని మీరు ఎలా నేర్పారు?