1911 పిస్టల్‌కి రైల్ ఉన్న గ్రిప్స్ వేయించనా, వద్దా?

గుంటూరు_టు_డల్లాస్:
అన్నలూ, ఒక సలహా కావాలి. మా పక్కింటి పెద్దాయన వియత్నాం యుద్ధంలో పనిచేసిన మనిషి, ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ తన పాత 1911 పిస్టల్ (అమెరికా సైన్యం ఒకప్పుడు వాడిన మోడల్) నాకు అమ్మారు. డీలర్ దగ్గర బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకునే తీసుకున్నా, గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. శనివారాలు షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తున్నా, రాత్రిపూట ఇంట్లో రక్షణకి కూడా ఇదే. చీకట్లో ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకుండా దీన్ని చేతిలో పట్టుకోవడం నాకు భయం, అందుకని లైట్ బిగించాలని ఉంది, కానీ దీని బ్యారెల్ (గొట్టం) కింద లైట్ తగిలించే పట్టాలాంటి రైల్ లేదు. షాపులో ఒకతను చెప్పాడు, రికవర్ టాక్టికల్ లాంటి కంపెనీలు పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) గ్రిప్స్ చేస్తాయట, పిడికి రెండు వైపులా ఉన్న పాత ప్యానెల్స్ తీసేసి ఇవి బిగిస్తే ట్రిగ్గర్ గార్డ్ మీదుగా ముందుకి వచ్చి బ్యారెల్ కింద పికటిన్ని రైల్ (అడ్డ గాళ్ళున్న పట్టా) అవుతుందట, డ్రిల్లింగ్ అక్కర్లేదట. ఎవరైనా వాడారా? గన్ పాడవుతుందా? ఇంట్లో ఏడేళ్ళ బాబు, హెచ్1బీ మీద వచ్చిన మా బావమరిది కూడా ఉంటారు, ఏదైనా జాగ్రత్త చెప్పాలంటే చెప్పండి.

హ్యూస్టన్_గోదారి:
నేను వాడాను తమ్ముడూ, నాది కొత్తగా కొన్న ఫుల్ సైజ్ 1911, ఏడాది పైగా ఉంచాను. లైట్ వరకు బాగానే పట్టుకుంటుంది, వందల రౌండ్లు పేల్చినా నా లైట్ ఊడలేదు. అసలు కష్టం బిగించేటప్పుడు వచ్చింది. పిడికి ఒక్కో వైపు రెండు స్క్రూలు ఉంటాయి కదా, అవి నేరుగా ఫ్రేమ్‌లోకి, అంటే గన్ కింది లోహపు భాగంలోకి, దిగవు, ఫ్రేమ్‌లో బిగించిన చిన్న గొట్టాల్లాంటి బుషింగ్‌లలోకి దిగుతాయి. నాకు ఒక స్క్రూ తిప్పుతుంటే బుషింగ్ కూడా దాంతోపాటే తిరిగి బయటికి వచ్చేసింది. తొందరపడి అలాగే వెనక్కి తిప్పితే మర పక్కకి ఎక్కింది, ఆ సన్నటి మర ఒకసారి దెబ్బతింటే గన్‌స్మిత్ దగ్గరికి పోవాల్సిందే, నేనూ పోయాను. నీకు అలా బయటికి వస్తే కంగారుపడకుండా బుషింగ్‌ని వేళ్ళతోనే నిదానంగా ఎక్కించు, ఫ్రేమ్‌లోకి దిగే మర మీద మాత్రమే ఒక చుక్క లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) వెయ్యి. పాలిమర్‌కి అది తగలకూడదు, తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు పగుళ్ళిస్తాయి.

ఇంకోటి, గురి చూపే లేజర్ పెడదామని మాత్రం అనుకోకు. ఈ రైల్ ఫ్రేమ్‌లో భాగం కాదు, పైనుంచి పట్టుకుని ఉన్న ప్లాస్టిక్, తీసి మళ్ళీ బిగించిన ప్రతిసారీ గురి మారుతుంది. పాత హోల్‌స్టర్లలో (గన్ పెట్టుకునే ఒరల్లో) ఇది పట్టదు. హ్యూస్టన్ ఉక్కకి చెమట, తేమ ఆ పాలిమర్ వెనక్కి చేరి అక్కడే ఉండిపోతాయి, నెలకోసారి విప్పి చూస్తే ట్రిగ్గర్ గార్డ్ అంచున ఎర్రటి తుప్పు గీత కనిపించేది.

పాత_ఇనుము:
బిగించే సంగతి తర్వాత, ముందు ఇది చెప్పు: స్లైడ్ (పేల్చినప్పుడు వెనక్కి కదిలే పై భాగం) ఎడమ వైపున ఏ కంపెనీ పేరుంది? ఫ్రేమ్ కుడి వైపున యునైటెడ్ స్టేట్స్ ప్రాపర్టీ అని ఉందా?

గుంటూరు_టు_డల్లాస్:
ఇప్పుడే తీసి చూశాను. స్లైడ్ మీద రెమింగ్టన్ ర్యాండ్ అని ఉంది. కుడి వైపున మీరన్న మాటే, దాంతోపాటు ఎం1911 ఏ1 యు.ఎస్. ఆర్మీ, సీరియల్ నంబర్. రంగు మాసిపోయిన బూడిద రంగు, ప్యానెల్స్ గోధుమ రంగు ప్లాస్టిక్.

పాత_ఇనుము:
అయితే దయచేసి స్క్రూడ్రైవర్ కింద పెట్టు.

నీ దగ్గరున్నది రెండో ప్రపంచ యుద్ధ కాలపు గన్. మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్లలో టకటకలాడిన రెమింగ్టన్ టైప్‌రైటర్లు గుర్తున్నాయా, ఆ రెమింగ్టన్ ర్యాండే యుద్ధం వచ్చాక ఈ పిస్టళ్ళు చేసింది. కుట్టు మిషన్ల సింగర్ కూడా చేసింది, వాళ్ళు చేసినవి 500 మాత్రమే, అందుకే అవి దొరికితే వాటి ధర వేరు. జాన్ బ్రౌనింగ్ డిజైన్‌ని అమెరికా సైన్యం 1911లో తీసుకుని, 1985లో బెరెట్టా వచ్చేదాకా అదే వాడింది. ఏ1 అంటే 1920ల్లో చేసిన మార్పులు, పొట్టి ట్రిగ్గర్, వెనక ఉబ్బిన పిడి, ట్రిగ్గర్ వెనక ఫ్రేమ్‌లో వేలు ఆనడానికి చేసిన చిన్న పల్లం. నీ దాని మీద చూస్తే కనిపిస్తాయి.

సైన్యం వర్క్‌షాపుల్లో మరమ్మతు చేసినప్పుడు ఒక కంపెనీ స్లైడ్ ఇంకో కంపెనీ ఫ్రేమ్‌కి వేసేవాళ్ళు, కాబట్టి నీది మొత్తం ఒకే కంపెనీదో కాదో తెలిసినవాళ్ళకి చూపించు. ఎలాగున్నా ఆ బూడిద రంగు పార్కరైజింగ్ (తుప్పు పట్టకుండా వేసిన పూత) మీద బిగుతుగా ప్లాస్టిక్ వేసి, దాని మీద 120 గ్రాముల లైట్ వేలాడదీసి పేలుస్తూ ఉంటే రాపిడికి రంగు పోతుంది. పోయిన చోట మళ్ళీ రంగు వేయించావో, కొనేవాడు అదే ముందు చూస్తాడు. డ్రిల్లింగ్ లేదు కాబట్టి నష్టం లేదనే మాట ఈ గన్‌కి వర్తించదు. లైట్ కావాలంటే ఫ్రేమ్‌లోనే రైల్ ఉన్న 1911లు ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, కోల్ట్ అయితే రైల్ గన్ అనే పేరుతోనే అమ్మింది. అది ఒకటి కొనుక్కో, ఈ పెద్దాయన గన్‌ని ఇలాగే ఉండనివ్వు.

ఆస్టిన్_లాయర్_తమ్ముడు:
చట్టం సంగతి రెండు ముక్కలు. రైల్ వచ్చింది కదా అని కిందికి నిలువుగా వేలాడే ఫోర్‌గ్రిప్ (రెండో చేత్తో పట్టుకునే ముందు పిడి) తగిలించకండి. లైట్ పెట్టుకుంటే తప్పులేదు, కానీ పిస్టల్‌కి నిలువు ఫోర్‌గ్రిప్ పెడితే దాన్ని ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) వేరే రకం ఆయుధంగా లెక్కేస్తుంది, ముందుగా అనుమతి తీసుకుని రిజిస్టర్ చేయించకపోతే పదేళ్ళ దాకా జైలు పడే నేరం. ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్లకి దొరికే ముక్కతో అంత పని అవుతుంది.

రెండోది మీ బావమరిది. హెచ్1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ వాటిని నమ్ముకుని ముందుకెళ్ళేముందు లాయర్‌ని అడగాలి. సేఫ్ కోడ్ ఆయనకి చెప్పొద్దు. బాబు సంగతి కూడా అంతే, టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం.

రేంజ్_అక్క:
నేను ఆడవాళ్ళకి పిస్టల్ క్లాసులు చెప్తాను, తమ్ముడూ, ఒక్కటి అడుగుతా. రాత్రి చప్పుడైతే నీ లైట్‌తో ఏం చూస్తావు? గన్‌కి లైట్ ఉంటే, లైట్ ఎటు తిరిగితే గొట్టం అటే తిరుగుతుంది. హాల్లో మంచినీళ్ళకి లేచిన బాబు మీదో, సోఫాలో పడుకున్న బావమరిది మీదో వెలుగు వేశావంటే గన్ కూడా గురిపెట్టినట్టే. క్లాసులో లైట్లు ఆపేసి ఖాళీ గన్‌తో ఇది చేయించినప్పుడు మొదటిసారి అందరి మొహాలూ పాలిపోతాయి. నీకు ముందు కావలసింది చేతిలో పట్టుకునే మంచి టార్చ్. దాంతో చూడు, మనిషెవరో తెలుసుకో, నోటితో పిలువు. గన్‌కి లైట్ దాని తర్వాత ఆలోచించవచ్చు.

ఇక గ్రిప్స్ విప్పినా, తుడిచినా, ముందు మ్యాగజైన్ తీసెయ్, స్లైడ్ వెనక్కి లాగి, పేలడానికి సిద్ధంగా తూటా ఉండే చాంబర్‌ని కంటితో చూసి వేలితో తడుము. మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకునేవాళ్ళని ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌లో చూస్తున్నాను.

గుంటూరు_టు_డల్లాస్:
అక్కా, సోఫాలో బావమరిది అన్న మాట చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను, నిజంగా వాడు అక్కడే పడుకుంటాడు. గ్రిప్స్ ఆర్డర్ క్యాన్సిల్ చేశాను. టార్చ్ కొంటాను, సేఫ్ కోడ్ ఈ రాత్రే మారుస్తాను. పాత_ఇనుము అన్నా, పెద్దాయనకి ఫోన్ చేసి ఈ గన్ ఆయన దగ్గరికి ఎలా వచ్చిందో అడగనా? కాగితాలేమైనా ఉంటే పనికొస్తాయా?

పాత_ఇనుము:
తప్పకుండా అడుగు, ఆయన ఉండగానే అడుగు. సీరియల్ నంబర్‌తో సహా ఆయన చేత్తో రాసిచ్చిన ఒక్క ఉత్తరం దొరికినా దాన్ని గన్‌తోపాటే దాచు.